ఊరిని తగలబెట్టినవాడి పేరుతోనే పార్కు: న్యూమెక్సికోలోని కొలంబస్ కథ

కొలంబస్ అనగానే అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఎక్కువమందికి ఒహాయోలోని పెద్ద నగరమే గుర్తొస్తుంది. ఇది ఆ కొలంబస్ సంగతి కాదు. న్యూమెక్సికో రాష్ట్రం దక్షిణపు అంచున, మెక్సికో సరిహద్దుకి 3 మైళ్ల దూరంలో అదే పేరుతో ఒక పల్లె ఉంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది 1,442 మంది. సముద్రమట్టానికి సుమారు 4,000 అడుగుల ఎత్తు, చుట్టూ ముళ్లపొదలు, వాయవ్యంగా ట్రెస్ ఎర్మానాస్, అంటే 'ముగ్గురు అక్కచెల్లెళ్లు' అనే మూడు కొండలు. టెక్సాస్‌లోని ఎల్ పాసో నుంచి కారులో ఓ గంటన్నర దూరం.

ఇంత చిన్న ఊరికి దూరాల నుంచి జనం రావడానికి కారణం 1916 మార్చి 9. ఆ రోజు తెల్లవారకముందే మెక్సికో విప్లవ నాయకుడు పాంచో వియా మనుషులు సరిహద్దు గీత దాటి వచ్చి ఊరి మీద పడ్డారు. (మన పత్రికల్లో 'విల్లా' అని రాస్తారు గానీ, స్పానిష్‌లో రెండు 'ఎల్'లు పక్కపక్కనే వస్తే 'య' పలుకుతుంది.) హోటల్ తగలబెట్టారు, దుకాణాలు దోచారు, మనుషుల్ని చంపారు. ఇప్పుడు ఆ ఊళ్లో చూడదగ్గ ముఖ్యమైన చోటు పేరేమిటంటే, పాంచో వియా స్టేట్ పార్క్.

బోర్డు చూసిన ప్రతి ఒక్కరూ అక్కడే ఆగిపోతారు. ఇంటికి నిప్పు పెట్టినవాడి ఫోటోని హాల్లో కట్టించుకున్నట్టుంది కదా! ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు గీత దగ్గర మొదలుపెట్టాలి.

గీత ఎప్పుడు పడింది

1848 వరకు ఇదంతా మెక్సికో. ఆ ఏడు అమెరికాతో యుద్ధంలో ఓడిన మెక్సికో ఒప్పందం మీద సంతకం పెట్టి, ఇప్పటి కాలిఫోర్నియా నుంచి న్యూమెక్సికో దాకా ఉన్న విశాలమైన నేలని వదులుకుంది. అయితే ఒప్పందానికి వాడిన మ్యాపులోనే తప్పులున్నాయి. దాంతో దక్షిణాన కొంత భూమి ఎవరిదో తేలలేదు. పైగా పసిఫిక్ తీరానికి రైలు వేయడానికి అమెరికాకి కొండలు అడ్డురాని దక్షిణ మార్గం కావాలి. చివరికి 1853 డిసెంబరులో కుదిరి, మరుసటి ఏడు ఆమోదం పొందిన 'గాడ్స్‌డెన్ కొనుగోలు'తో కోటి డాలర్లు చెల్లించి ఆ భాగాన్ని కొనుక్కుంది. కొలంబస్ ఉన్న నేల ఆ కొన్న భాగంలోదే.

అక్కడ సరిహద్దు నది వెంబడి నడవదు, కొండ వెంబడీ నడవదు. 31 డిగ్రీల 47 నిమిషాల అక్షాంశం మీద స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గుర్రం మీద వచ్చేవాడికి ఆ రాత్రి దాటడానికి అడ్డుగా ఉన్నది ఒక తీగ కంచె మాత్రమే.

ఊరు కూడా మొదట ఇక్కడ లేదు. 1891లో సరిహద్దుని ఆనుకునే మొదలైంది. 1902 ప్రాంతంలో 'ఎల్ పాసో అండ్ సౌత్‌వెస్టర్న్' రైలు మార్గం 3 మైళ్లు ఉత్తరంగా పడేసరికి ఊరు లేచి రైలు దగ్గరికి వచ్చేసింది. న్యూమెక్సికో రాష్ట్రంగా మారిందే 1912లో. అంటే దాడి నాటికి ఆ నేల ఒక రాష్ట్రంలో భాగమై నాలుగేళ్లే అయింది.

వియా అప్పటికి ఎవరు

మెక్సికో విప్లవం 1910లో మొదలైంది. అది రెండు పక్షాల యుద్ధం కాదు, నాలుగైదు సైన్యాలు వంతులవారీగా పొత్తులు కట్టి విడిపోయిన గొడవ. వియా వైపువాళ్లని 'విల్లిస్తా'లు అనేవారు (స్పానిష్ పలుకుబడిలో 'వియిస్తా'). వేనుస్తియానో కరాన్సా వైపువాళ్లు 'కరాన్సిస్తా'లు. మొదట కలిసి పోరాడిన ఈ ఇద్దరూ తర్వాత బద్ధశత్రువులయ్యారు.

1914లో అమెరికాకి వియా మంచివాడే. ఆ ఏడు ఆగస్టులో ఎల్ పాసోలో అమెరికా జనరల్ జాన్ పర్షింగ్ పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఇప్పటికీ దొరుకుతుంది. రెండేళ్లు తిరక్కముందే ఆ పర్షింగే అతన్ని పట్టుకోవడానికి సైన్యంతో బయల్దేరాడు.

మధ్యలో ఏం జరిగింది? 1915 ఏప్రిల్‌లో సెలాయా దగ్గర వియా పేరుమోసిన గుర్రపు దళం ముళ్లతీగలకి, మెషీన్‌గన్లకి ఎదురెళ్లి చితికిపోయింది. అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు విల్సన్ కరాన్సా ప్రభుత్వాన్ని గుర్తించాడు. దాంతో వియాకి అమెరికా నుంచి ఆయుధాలు కొనే దారి మూసుకుపోయింది. నవంబరు 1న ఆగ్వా ప్రియెతా అనే సరిహద్దు ఊరి మీద దాడి చేస్తే, అక్కడ అనుకున్నదానికన్నా ఎక్కువమంది కరాన్సా సైనికులున్నారు. వాళ్లు అమెరికా రైళ్లలో, అమెరికా నేల మీదుగా వచ్చి దిగారు. ఎల్ పాసో నుంచి ఆ ఎదుటి డగ్లస్ ఊరికి వెళ్లే లైను కొలంబస్ మీదుగానే పోయేది. రాత్రి దాడిలో వియా మనుషుల మీద సెర్చ్‌లైట్లు పడ్డాయి. అవి అమెరికా వైపు నుంచే వేశారని వియా చివరిదాకా నమ్మాడు. అందుకు ఆధారం లేదంటారు చరిత్రకారులు. కోపానికి ఆధారం అక్కర్లేదు కదా.

తెల్లవారుజామున 4 దాటాక

కొలంబస్‌లో క్యాంప్ ఫర్లాంగ్ అని సైనిక శిబిరం ఉండేది. 13వ అశ్విక దళం అక్కడే, కల్నల్ హెర్బర్ట్ స్లోకమ్ అధిపతి. వియా దగ్గర్లోనే తిరుగుతున్నాడని హెచ్చరికలు ముందే వచ్చాయి. జువాన్ ఫవేలా అనే పశువుల మేస్త్రీ స్వయంగా వచ్చి చెప్పాడు. కానీ వియా గురించి అప్పట్లో రోజుకో పుకారు. ఏది నమ్మాలో తేల్చుకోవడం కష్టమైంది.

లెఫ్టినెంట్ జాన్ లూకాస్ అనే కుర్ర ఆఫీసరు ఎల్ పాసోలో పోలో ఆడి అర్ధరాత్రి రైలుకి దిగాడు. పడుకునే ముందు చూసుకుంటే రివాల్వర్‌లో తూటాలు లేవు. చీకట్లో వెతికి నింపుకుని మరీ పడుకున్నాడు. కాసేపటికి కిటికీలోంచి చూస్తే ఇంటిచుట్టూ పెద్ద టోపీల మనుషులు. చెప్పుల్లేకుండా ముళ్ల మీద పరుగెత్తి మెషీన్‌గన్ల దగ్గరికి చేరాడు. దొంగతనాల భయంతో వాటిని తాళం వేసి ఉంచారు. తీరా తీసి పెట్టాక మొదటి గన్ను పనిచేయకుండా మొరాయించింది. ఈ లూకాసే రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఇటలీలోని అంజియో దగ్గర సేనల్ని నడిపిన జనరల్.

శిబిరంలో ఆ వేళకి మేలుకుని ఉన్నది వంటవాళ్లే. టిఫిన్‌కి నీళ్లు మరుగుతున్నాయి. తలుపు తోసుకొచ్చినవాళ్ల మీద ఆ మరిగే నీళ్లే గుమ్మరించారు, గొడ్డళ్లు అందుకున్నారు.

ఊళ్లో వియా మనుషులు రావెల్ సోదరుల దుకాణం వెతుక్కుంటూ వెళ్లారు. ముగ్గురిలో శామ్ ఆ రోజు వైద్యం కోసం ఎల్ పాసో వెళ్లాడు. లూయీ పశువుల తోళ్ల గుట్ట కింద దాక్కున్నాడు. చిన్నవాడు ఆర్థర్‌ని పట్టుకున్నారు గానీ కాల్పుల గందరగోళంలో తప్పించుకున్నాడు. పక్కనున్న కమర్షియల్ హోటల్‌కి నిప్పు పెట్టారు. దాడి చేసినవాళ్ల కొంప ముంచింది ఆ మంటే. అప్పటిదాకా చీకట్లో ఎవరు ఎక్కడున్నారో తెలియని అమెరికా సైనికులకి వీధి మొత్తం పట్టపగల్లా కనబడింది.

సుమారు గంటన్నరలో ముగిసింది. అమెరికా వైపు 18 మంది చనిపోయారని ఎక్కువగా చెబుతారు, అందులో 10 మంది మామూలు జనం, 8 మంది సైనికులు. కొన్ని లెక్కల్లో 17, కొన్నిట్లో 19 కనిపిస్తుంది. సుమారు 480 మంది దాకా వచ్చిన విల్లిస్తాల్లో చనిపోయినవాళ్లు అంతకు ఎన్నోరెట్లు ఎక్కువ. ఊళ్లోనే 60 మందికి పైగా, మేజర్ ఫ్రాంక్ టాంప్కిన్స్ వెంటపడి తరిమినప్పుడు ఇంకొందరు.

మరొకరి సంగతి కూడా చెప్పాలి. మోడ్ రైట్ అనే ఆమెని మార్చి 1న మెక్సికోలోని వాళ్ల పశుక్షేత్రం నుంచి విల్లిస్తాలు ఎత్తుకొచ్చారు. భర్తని చంపారు, పసిబిడ్డని అక్కడున్న మెక్సికన్ కుటుంబానికి ఇచ్చేశారు. తొమ్మిది రోజులు వాళ్లతోపాటు ఆ ఎండలో, ఆ చలిలో ప్రయాణం చేయించారు. కొలంబస్ దగ్గర వదిలేశారు. బిడ్డ తర్వాత ఆమెకి క్షేమంగా దక్కాడు. దాడికి వచ్చినవాళ్ల గురించి దగ్గరగా చూసి చెప్పగలిగిన అతి కొద్దిమందిలో ఆమె ఒకరు.

ఎందుకొచ్చారు?

వియా తానే నోరు విప్పి కారణం చెప్పలేదు. అందుకే వందేళ్లుగా వాదన నడుస్తోంది.

దోపిడీ కోసం అన్నది అన్నిటికన్నా సులువైన జవాబు. ఓడిపోయిన సైన్యం, తిండి లేదు, గుర్రాలు లేవు, తూటాలు లేవు. నిజంగానే గుర్రాలు, తుపాకులు పట్టుకుపోయారు. కానీ ఒక సైనిక శిబిరం పక్కనున్న ఊరిని ఎంచుకోవడం దోపిడీకి తెలివైన పద్ధతి కాదు.

శామ్ రావెల్ ఆయుధాలకి డబ్బు తీసుకుని సరుకు ఇవ్వలేదనీ, ఆ పగ తీర్చుకోవడానికే వచ్చారనీ ఊళ్లో బాగా వినిపించే కథ. దుకాణం వెతుక్కుంటూ వెళ్లారు కాబట్టి ఇందులో కొంత నిజం ఉండొచ్చు. ఒక వ్యాపారి మీద పగకి వందల మందిని పంపుతారా అన్నది ఎదురు ప్రశ్న.

అమెరికా మీద కోపం అనేవాళ్లు కరాన్సాని గుర్తించడం, ఆగ్వా ప్రియెతా రైళ్లు చూపిస్తారు. జనవరి 10న సాంతా ఇసబెల్ దగ్గర రైలాపి అమెరికన్ గని ఉద్యోగుల్ని చంపింది కూడా వియా మనుషులే కాబట్టి, కొలంబస్ ఆ వరుసలో తర్వాతిదంటారు. దాడికి కొద్ది రోజుల ముందు ఎల్ పాసో జైల్లో పేలు చంపడానికని ఖైదీల్ని మండే ద్రావకాలతో కడుగుతుండగా నిప్పంటుకుని చాలామంది చనిపోయారు, ఎక్కువమంది మెక్సికన్లు. ఆ వార్త విల్లిస్తాలకి చేరి రెచ్చగొట్టిందని కొందరు రాశారు. అయితే వియా దండు అప్పటికే దారిలో ఉంది.

చరిత్రకారుడు ఫ్రీడ్రిష్ కాట్జ్ వాదన వేరు. కరాన్సా రహస్యంగా మెక్సికోని అమెరికా చేతుల్లో పెట్టేస్తున్నాడని వియా గట్టిగా నమ్మాడని ఆయన అంటారు. దక్షిణాన పోరాడుతున్న మరో విప్లవ నాయకుడు సపాతాకి జనవరి 8న వియా రాసిన ఉత్తరం ఒకటి దాడి తర్వాత దొరికింది, కలిసి అమెరికా మీద దాడి చేద్దామని అందులో ఉంది. అమెరికాని రెచ్చగొట్టి సైన్యం పంపేలా చేస్తే, కరాన్సా దాన్ని ఆపినా చిక్కే, ఆపకపోయినా చిక్కే. ఆ రహస్య ఒప్పందం నిజంగా లేదు. ఉందని వియా నమ్మడం మాత్రం నిజమే అనిపిస్తుంది. నాకు ఇదే ఎక్కువ సబబుగా తోస్తుంది, ఎందుకంటే తర్వాత జరిగింది అచ్చంగా అదే.

జర్మనీ వెనకుండి నడిపించిందన్న అనుమానం కూడా ఉంది. అప్పట్లో అమెరికా మెక్సికోలో ఇరుక్కుంటే జర్మనీకి లాభమే. లాభం ఉందన్నది ఆధారం కాదు, ఆధారం దొరకలేదు.

వియా స్వయంగా ఊళ్లోకి వచ్చాడా, గీత దగ్గర ఉండి మనుషుల్ని పంపాడా అన్నది కూడా తేలలేదు. సాక్షులు రెండు రకాలుగానూ చెప్పారు.

'అమెరికా నేల మీద చివరి విదేశీ దాడి' అనొచ్చా?

పర్యాటకుల కోసం రాసే చాలా వ్యాసాల్లో ఈ మాట కనబడుతుంది. ఒక్కో ముక్కా విడదీసి చూద్దాం.

'చివరి' అనలేం. అదే ఏడు మే 5న టెక్సాస్‌లోని గ్లెన్ స్ప్రింగ్స్ మీద సరిహద్దు దాటి వచ్చిన ముఠా దాడి చేసింది, కొలంబస్‌కి రెండు నెలల తర్వాత. 'అమెరికా నేల' అంటే అలాస్కా కూడా కలుస్తుందా? కలిస్తే 1942లో జపాన్ అలూషియన్ దీవుల్లో రెండిటిని ఆక్రమించింది. 'విదేశీ' అన్నది నిజమే. 'విదేశీ సైన్యం' అంటే మాత్రం చిక్కు. వియా అప్పటికి ఏ ప్రభుత్వానికీ సేనాని కాడు, మెక్సికో ప్రభుత్వం కూడా అతన్ని వేటాడుతోంది.

ఇది మాటల గారడీలా అనిపించొచ్చు. కానీ పట్టుబడిన వియా మనుషుల ప్రాణాలు ఈ తేడా మీదే ఆధారపడ్డాయి. సైనికులైతే యుద్ధ ఖైదీలు, కాకపోతే హంతకులు. న్యూమెక్సికో కోర్టు హంతకులనే తేల్చింది. 1916 జూన్‌లో డెమింగ్ ఊళ్లో ఆరుగురిని ఉరితీశారు. తర్వాత పట్టుబడి జైల్లో ఉన్న మరికొందరికి 1920లో గవర్నర్ ఒక్తావియానో లర్రసోలో క్షమాభిక్ష పెట్టాడు. పై అధికారి ఆజ్ఞ పాటించిన సైనికుల్ని హంతకులుగా చూడకూడదన్నది ఆ వైపు వాదన. లర్రసోలో స్వయంగా మెక్సికోలో పుట్టినవాడు. దాని మీద పెద్ద గొడవే అయింది. ఉరికంబం ఎక్కినవాళ్లకి, బయటికి నడిచి వచ్చినవాళ్లకి చేసిన పనిలో తేడా పెద్దగా లేదు, నాలుగేళ్ల కాలంలో చూసే కన్ను మారింది.

పర్షింగ్ వెంటపడిన 11 నెలలు

మార్చి 15న పర్షింగ్ సైన్యం గీత దాటింది. దీన్ని 'శిక్షా యాత్ర' అన్నారు. పెరిగి పెరిగి సుమారు 10,000 మందికి చేరింది. 1917 ఫిబ్రవరి మొదటి వారంలో వియా లేకుండానే వెనక్కి వచ్చింది. మధ్యలో జూన్ 21న కరిసాల్ దగ్గర వియాతో కాకుండా కరాన్సా సైన్యంతోనే తలపడి, రెండు దేశాల మధ్య యుద్ధం వచ్చేంత పనైంది. వియా కోరుకున్న చిక్కు అంటే ఇదే.

అమెరికా సైన్యం మొదటిసారి విమానాల దళాన్ని పనిలోకి దింపింది కొలంబస్ నుంచే. కెప్టెన్ బెంజమిన్ ఫూలోయ్ కింద 8 కర్టిస్ జెన్నీ విమానాలు. కొండల మీద గాలికి ఎగరలేక, ఇసుకకీ ఎండకీ చెడిపోయి, ఏప్రిల్ 20 నాటికి ఎగిరే స్థితిలో రెండే మిగిలాయి. లారీలు పనికొచ్చాయి. గుర్రాల సైన్యం మోటారు సైన్యంగా మారడం ఇక్కడ మొదలైందంటారు.

తిరిగొచ్చేటప్పుడు పర్షింగ్ వెంట 500 మందికి పైగా చైనీయులు కూడా కొలంబస్ చేరారు. మెక్సికోలో ఆ సైన్యానికి సరుకులు అమ్మి, వండిపెట్టినవాళ్లు వీళ్లు. అక్కడే ఉంటే వియా చంపేస్తాడన్న భయం, అమెరికాలో చూస్తే చైనా కూలీల్ని రానివ్వని 1882 నాటి చట్టం. పర్షింగ్ పట్టుబట్టడంతో ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. చాలామంది టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో స్థిరపడ్డారు.

పార్కుకి ఆ పేరు

సైన్యం పోయాక ఊరు చిక్కిపోయింది. 1961లో రైలు కూడా ఆగిపోయింది. దానికి రెండేళ్ల ముందు, 1959లో, పాత శిబిరం ఉన్న చోట రాష్ట్రం పార్కు ఏర్పాటు చేసి పాంచో వియా పేరు పెట్టింది. పొరుగు దేశంతో స్నేహానికి గుర్తుగా అని సమర్థించేవాళ్ల మాట. చనిపోయినవాళ్ల బంధువుల్లో కొందరికి ఆ పేరు ఇప్పటికీ మింగుడుపడదు. చంపినవాడి పేరు పెట్టి, చచ్చినవాళ్ల పేర్లు లోపల పలక మీద రాస్తారా అని వాళ్ల బాధ. ఊళ్లో ఎక్కువమంది మెక్సికన్ మూలాలవాళ్లే, వాళ్ల ఇళ్లల్లో వియా అంటే జమీందార్ల నేల పేదలకి పంచుతానన్నవాడు. ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. క్యాంప్ ఫర్లాంగ్ అని బోర్డు పెడితే కారు ఆపేవాళ్లెంతమంది?

ఏటా మార్చిలో సంస్మరణ జరుగుతుంది. మెక్సికో లోపలి నుంచి రోజుల తరబడి స్వారీ చేసుకుంటూ వచ్చే రౌతులు గేటు దాటి కొలంబస్‌లోకి వస్తారు, అమెరికన్ రౌతులు ఎదురెళ్లి తీసుకొస్తారు. దీన్ని 'కబల్గాతా' అంటారు. అదే వారంలో చనిపోయినవాళ్ల పేర్లు చదివే కార్యక్రమం విడిగా జరుగుతుంది. అటు వెళ్లేవాళ్లు కొందరు ఇటు రారు.

ఇప్పుడు చూసేవి

పార్కులో 1902 నాటి కస్టమ్స్ భవనం, శిబిరం తాలూకు కొన్ని మట్టి కట్టడాలు, కూట్స్ హిల్ అనే చిన్న గుట్ట, దాని చుట్టూ నాగజెముడు జాతుల తోట ఉన్నాయి. మ్యూజియం హాల్లో జెన్నీ విమానం నమూనా, ఆ కాలపు డాడ్జ్ కారు ఉన్నాయి. అందరూ దాటేసి పోయే వస్తువు బయట ఒకటుంది: లారీల కింద దూరి గ్రీజు పెట్టడానికి కట్టిన కాంక్రీటు ర్యాంపు. సైన్యం మోటారు బండ్ల కోసం కట్టిన మొదటిది ఇదేనంటారు. చూడటానికి మన ఊళ్లో లారీ షెడ్డులో గుంతకి అన్నలా ఉంటుంది.

రోడ్డు అవతల పాత రైల్వే స్టేషన్‌లో చారిత్రక సంఘంవాళ్ల మ్యూజియం. దాడి రాత్రి స్టేషన్ గడియారానికి తూటా తగిలి 4:11 దగ్గర ఆగిపోయిందన్న కథ అక్కడిదే.

ఉత్తరాన 32 మైళ్ల దూరంలో డెమింగ్, దాని పక్కనే రాక్‌హౌండ్ స్టేట్ పార్క్. మామూలుగా పార్కుల్లో గులకరాయి తీసుకెళ్లినా తప్పే. ఇక్కడ మాత్రం మనిషికి 15 పౌండ్ల దాకా ఏరుకుని ఇంటికి పట్టుకెళ్లొచ్చు.

గేటు అవతల

గీతకి అటువైపు మెక్సికో ఊరు పలోమాస్. చౌరస్తాలో గుర్రమెక్కిన వియా విగ్రహం. అమెరికా వృద్ధులు పళ్లు కట్టించుకోవడానికి, కళ్లజోళ్లకి నడిచి వెళ్తారు, ఖర్చు బాగా తక్కువ. ఆ తర్వాత 'పింక్ స్టోర్'లో భోజనం చేసి, కుండలూ దుప్పట్లూ కొనుక్కుని వెనక్కి వస్తారు.

అమెరికా పౌరుడికి ఇది టీ తాగి వచ్చినంత సులువు. వీసా మీద ఉన్న మనవాళ్లకి అంత తేలిక కాదు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికో వేరే వీసా అడగదు, వెళ్లడానికి ఇబ్బంది లేదు. తిరిగి రావడమే ప్రశ్న. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ముగిసి, లోపల ఉండే అనుమతి మాత్రం ఉన్నవాళ్లని 30 రోజుల్లోపు ప్రయాణమైతే కొన్ని షరతుల మీద రానిచ్చే నిబంధన ఒకటుంది. గేటు దగ్గర అధికారిదే తుది మాట. ఆ టెన్షన్ ఎందుకని ఇటువైపు నుంచే గోడ చూసి వచ్చేసేవాళ్లే ఎక్కువ.

ఆ గేటుని ఎక్కువగా వాడేది మాత్రం పర్యాటకులు కారు. శరదృతువులో మెక్సికో నుంచి మిరపకాయల లారీలు వరుస కడతాయి, గుంటూరు యార్డు చూసినవాళ్లకి ఆ ఘాటు కొత్తగా ఉండదు. రోజూ పొద్దున్నే వందల మంది పిల్లలు దాటుతారు. అమెరికాలో పుట్టి పౌరసత్వం ఉన్న పిల్లలు, ఇల్లు మాత్రం పలోమాస్‌లో. సంచులు తగిలించుకుని, పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని క్యూలో నిలబడతారు. చిన్నవాళ్లు కొలంబస్ బడికి, పెద్దవాళ్లు బస్సెక్కి డెమింగ్ హైస్కూలుకి పోతారు. పార్కు ముందు నుంచే ఆ బస్సులు వెళ్తాయి.